గట్టు మీద గెంతే చేపలు రొయ్యలకు ముప్పా?

ప్రశ్న: మా ఉప్పునీటి రొయ్యల చెరువు పక్క కాలువలో నీరు తగ్గగానే బెత్తెడు చేపలు కొన్ని బురద మీదికొచ్చి పాకుతున్నాయి, గెంతుతున్నాయి. కప్పకు ఉన్నట్టు కళ్లు నెత్తిన ఉంటాయి. గట్టుకు కూడా బొక్కలు పడ్డాయి. ఇవి రొయ్య పిల్లల్ని తింటాయా? పురుగుమందు కొట్టమని పక్క చెరువు రైతు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అయ్యా, పురుగుమందు జోలికి మాత్రం పోకండి. పురుగులదీ రొయ్యలదీ కీళ్లకాళ్ల జీవుల కుటుంబమే. పురుగును చంపే మందు చాలా తక్కువ మోతాదులో నీటిలో కలిసినా రొయ్యలు చచ్చిపోతాయి. మీరు చేపల కోసం కొట్టిన మందుకు మీ పంటే పోతుంది.

మీరు చూసినవి మడ్ స్కిప్పర్లు. మడ అడవులు, ఏటి మొగలు, ఆటుపోట్లు తగిలే బురద నేలలు వీటి నివాసం. నీటి అడుగున తిరిగే గోబీ అనే చిన్న చేపలకు దగ్గరి బంధువులు. ముందు రెక్కలను చేతుల్లా ఊని నడుస్తాయి. మొప్పల గదిలో కొంచెం నీరు దాచుకుంటాయి. తడిగా ఉన్న చర్మం, నోటి లోపలి పొర గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుంటాయి. అందుకే ఒళ్లు ఎండిపోకుండా మధ్య మధ్యలో బురదలో దొర్లుతుంటాయి. కళ్లను కూడా గుంతల్లోకి లాక్కుని తడుపుకుంటాయి.

తిండి విషయానికొస్తే, అన్నీ ఒకటి కావు. నీలి చుక్కలున్న బోలియాఫ్తాల్మస్ రకం బురద మీద పేరుకునే డయాటమ్ అనే సూక్ష్మమైన నాచును తల అటూ ఇటూ ఊపుతూ గీరుకుని తింటుంది. దానివల్ల రొయ్యకు భయం లేదు. పెరియాఫ్తాల్మస్ రకం చిన్న పీతలు, పురుగులు, పాములాంటి సన్నని నేల జీవులను పట్టి తింటుంది. గట్టు అంచున పలుచని నీటిలో చిక్కిన రొయ్య పిల్లను ఒకటీ అరా తినొచ్చు. కానీ ఇవి వేటాడేది ఎక్కువగా నీటి బయటే. లోతు నీటిలో ఉన్న మీ రొయ్యల వెంటపడవు. కాబట్టి ఆ విషయంలో టెన్షన్ వద్దు.

ఇక బొక్కల సంగతి. వీటి గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. ఈ చేపలు బురదలో తవ్వుకుని గుడ్లు పెట్టే బొరియ లోపలి నీటిలో ఆక్సిజన్ దాదాపు ఉండదు. అలాంటి చోట గుడ్లు ఎలా బతుకుతాయి? మగ చేప నీరు తీసినప్పుడు పైకొచ్చి, నోటి నిండా గాలి పట్టుకుని లోపలికెళ్లి, పైకి తిరిగి ఉన్న గదిలో వదులుతుంది. ఇలా మళ్లీ మళ్లీ తిరుగుతుంది. గుడ్లు ఆ గది కప్పుకు అంటుకుని గాలిలోనే పెరుగుతాయి. జపాన్ తీరంలో ఒక జాతిని గమనించిన శాస్త్రవేత్తలు 2007లో ఇంకో సంగతి ప్రచురించారు. పిల్లలు సిద్ధమయ్యాక, రాత్రిపూట పోటు వచ్చేవేళ అదే మగ చేప ఆ గాలిని నోటితో బయటికి తోడేస్తుంది. నీరు నిండగానే గుడ్లు పగిలి పిల్లలు బయటపడతాయి.

అయితే గట్టుకు బొక్క పడితే నీరు కారుతుంది, ఆ సమస్యను తేలిగ్గా తీసుకోవద్దు. కొన్ని జాతుల బొరియలు మీటరు లోతు దాటుతాయి. గట్టు బొక్కలన్నీ చేపలవే అనుకోకండి, చాలావరకు పీతలవి కావచ్చు. నన్ను అడిగితే మీరు భయపడాల్సింది పీతల గురించే, ఎందుకంటే రొయ్యలను చంపే తెల్లమచ్చ వైరస్‌ను అవి మోస్తాయి. అందుకని గట్టు చుట్టూ పీతలు ఎక్కకుండా నున్నటి షీటుతో కంచె కట్టండి. తూముకు సన్నని కన్ను వల బిగించి, చిరుగులు పడ్డాయేమో రోజూ చూడండి. ఆ కంచే గట్టెక్కే చేపలను కూడా చాలావరకు ఆపుతుంది.

పంట తీసి చెరువు ఎండగట్టినప్పుడు గట్టు బొక్కలను లోపలిదాకా తవ్వి, బంకమట్టి వేసి గట్టిగా దిమ్మిస కొట్టించండి. పైపైన మట్టి కప్పితే మళ్లీ తెరుచుకుంటాయి. కాలువకు అవతల, మడ చెట్ల కింద ఉన్న బొరియలను మాత్రం కదపకండి. వాటివల్ల మీ గట్టుకు నష్టం లేదు, లోపల గుడ్లుండొచ్చు.