డిస్నీలాండ్‌కు ఎంత దాచాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకటే అడుగుతున్నాయి. పిల్లల్ని డిస్నీలాండ్‌కో యూనివర్సల్ స్టూడియోస్‌కో తీసుకెళ్లాలని ఉంది, ఎంతవుతుంది, ఎట్లా కూడబెట్టాలి అని. అందుకే ఈ సంచికలో వేరే ప్రశ్నలన్నీ పక్కనపెట్టి వీటికే జవాబులు ఇస్తున్నాను.

నమస్తే అక్కా. మాది మిర్యాలగూడ. మా ఆయన రైస్ మిల్లులో లెక్కలు చూస్తారు, నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. బాబుకు పదేళ్లు, పాపకు ఐదు. రెండేళ్ల తర్వాత వేసవిలో సింగపూర్ యూనివర్సల్ స్టూడియోస్ చూపించాలనుకుంటున్నాం. టికెట్లు చూస్తే నలుగురికీ కలిపి ఇరవై వేల చిల్లరే ఉంది. మరి అందరూ లక్షల్లో చెబుతున్నారేంటి? చీటీ వేస్తే మంచిదా?

పార్కు టికెట్ చూసి బయల్దేరేవాళ్లే మధ్యలో ఇబ్బంది పడతారమ్మా. మొత్తం ఖర్చులో ఆ టికెట్ పదో వంతు కూడా ఉండదు. మీ నలుగురికీ నేను వేసిన అంచనా చెబుతాను, సింగపూర్ డాలర్‌ను 70 రూపాయలు అనుకొని వేశాను, మీరు వెళ్లేనాటి రేటు పెట్టి మళ్లీ వేసుకోండి. విమానం మనిషికి 28 వేల చొప్పున 1,12,000. వీసా ఫీజు 30 డాలర్లే, కానీ అది మామూలుగా ఏజెంటు ద్వారా వేస్తారు కాబట్టి సర్వీస్ చార్జితో కలిపి మనిషికి 3 వేలు, అంటే 12 వేలు. హోటల్ నాలుగు రాత్రులకు 56 వేలు, పార్కు 21 వేలు, ఐదు రోజుల తిండి 35 వేలు, లోపల తిరగడానికీ ఇంకో రెండు చోట్లు చూడటానికీ 15 వేలు, ఇన్సూరెన్స్, సిమ్ కార్డులకు 7 వేలు. ఇది 2,58,000. దీని మీద పది శాతం అనుకోని ఖర్చు కలపండి, అది కలపని బడ్జెట్ బడ్జెట్టే కాదు. దాదాపు 2,84,000 తేలుతుంది. మూడు లక్షలు అనుకుంటే నెలకు 12,500, ఇరవై నాలుగు నెలలు.

ఇందులో మీ ఇంటికే సంబంధించిన ఒక మెలిక ఉంది. రెండేళ్ల తర్వాత బాబుకు పన్నెండు నిండుతాయి. విమానంలో పన్నెండు నిండితే పెద్దవాళ్ల టికెట్టే. యూనివర్సల్‌లో మాత్రం నాలుగు నుంచి పన్నెండేళ్ల దాకా పిల్లల టికెట్ ఉంటుంది. అందుకే నేను విమానం లెక్క నలుగురికీ ఒకే రేటు పెట్టాను. ఎట్లాగూ తక్కువ రేటు విమానాల్లో చాలావాటిలో పిల్లలకు పెద్ద తగ్గింపేమీ ఉండదు.

హోటల్ దగ్గర జాగ్రత్త. సింగపూర్‌లో గదులు చిన్నవి, చాలా గదుల్లో ముగ్గురికి మించి ఒప్పుకోరు, నలుగురికి ఫ్యామిలీ రూమ్ అడగాలి. రేటు పక్కన రెండు ప్లస్ గుర్తులు కనిపిస్తే ఆ రేటు మీద 10 శాతం సర్వీస్ చార్జి, 9 శాతం జీఎస్టీ ఇంకా పడతాయని అర్థం, పెద్ద హోటళ్లలో తిండికీ ఇదే లెక్క. తిండికైతే లిటిల్ ఇండియాలో సెరంగూన్ రోడ్డు వైపు వెళ్లండి, అన్నం, సాంబారు, దోశ అన్నీ దొరుకుతాయి. అక్కడ కుళాయి నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు, ఖాళీ సీసాలు వెంట పెట్టుకుంటే నీళ్లకు పైసా ఖర్చు ఉండదు. పార్కు ఉన్న సెంటోసా దీవికి రైలు ఉంది, కానీ హార్బర్‌ఫ్రంట్ స్టేషన్ దగ్గరి వివోసిటీ మాల్ పక్క నుంచి నడిచి వెళ్లే దారి కూడా ఉంది, అది ఉచితం.

ఎప్పుడు వెళ్లాలంటే, మన బడులకు ఏప్రిల్ నెలాఖరులో సెలవులు మొదలవుతాయి, వాళ్ల బడులకు మే నెలాఖరు నుంచి. కాబట్టి మే మొదటి పక్షంలో, శని ఆదివారాలు కాకుండా చూసుకొని పార్కుకు వెళ్లండి. క్యూ తక్కువుంటే ఎక్స్‌ప్రెస్ పాస్ కొనాల్సిన పని తప్పుతుంది. ఆ పాస్ టికెట్‌కు పైన వేరే డబ్బు, రద్దీ రోజుల్లో దాని రేటు కూడా పెరుగుతుంది.

ఇక చీటీ. రిజిస్టరైన చీటీ అయితే, చివరిదాకా ఆగి ఎత్తుకునే ఓపిక మీకు ఉంటే, సరే. మధ్యలో పాడుకుంటే పాట తగ్గింపు మీ చేతికొచ్చే మొత్తంలోంచి పోతుంది, ఇక మీకు మిగిలేదేముంది? వీధిలో తెలిసినవాళ్లు నడిపే చీటీలో మాత్రం పిల్లల ప్రయాణం డబ్బు పెట్టొద్దని గట్టిగా చెబుతున్నాను. పోస్టాఫీసు ఆర్డీ, అంటే నెలనెలా కట్టే డిపాజిట్, ఐదేళ్లది, మీ రెండేళ్లకు సరిపోదు. బ్యాంకులో ఇరవై నాలుగు నెలల ఆర్డీ కట్టండి, జీతం పడ్డ మర్నాడే కట్ అయ్యేలా పెట్టుకోండి.

మేడమ్, జడ్చర్ల నుంచి రాస్తున్నాను. ఒక ఏజెంటు సింగపూర్, మలేషియా ప్యాకేజీ అన్నీ కలిపి అంటూ మనిషికి ఇంతని కొటేషన్ ఇచ్చాడు. అడ్వాన్స్ రేపే కట్టమంటున్నాడు. ఏమేం చూసుకోవాలి?

రేపు కట్టొద్దు. ముందు ఆ కొటేషన్ కాగితం ముందు పెట్టుకొని చిన్న అక్షరాలు చదవండి. మనిషికి అని రాసిన రేటు సాధారణంగా ఒక గదిలో ఇద్దరు ఉంటే పడే రేటు. పిల్లల రేటు పక్కన చైల్డ్ వితౌట్ బెడ్ అని ఉంటే మీ పిల్లలకు మంచం ఉండదు, మీ మధ్యలో పడుకోవాలి. అది అయిదేళ్ల పిల్లాడికి ఫర్వాలేదు, పదకొండేళ్ల వాడికి ఎట్లా? తర్వాత మధ్యాహ్నం భోజనం ఉందో లేదో చూడండి, చాలా ప్యాకేజీల్లో పొద్దున టిఫిన్, రాత్రి భోజనం మాత్రమే ఉంటాయి, మధ్యాహ్నం పార్కు లోపల కొనుక్కోవాలి, అక్కడ రేట్లు బయటికంటే బాగా ఎక్కువ. పార్కులో ఎన్ని గంటలు వదులుతారో అడగండి. పొద్దున పదకొండుకు దింపి సాయంత్రం ఐదుకు ఎక్కించుకుంటే మీరు కట్టింది రోజు టికెట్, చూసింది సగం పార్కు. వీసా రాకపోతే ఎంత వెనక్కి ఇస్తారో కాగితం మీద రాయించుకోండి, నోటిమాట వద్దు.

పన్నులు వేరే. ప్యాకేజీ మీద 5 శాతం జీఎస్టీ ఉంటుంది, కొటేషన్‌లో కలిపారో లేదో అడగాలి. దాని పైన టీసీఎస్ అని ఇంకొకటి వసూలు చేస్తారు. 2023 నుంచి దీని రేట్లు, పరిమితులు మారుతూ వస్తున్నాయి కాబట్టి కట్టే రోజున ఎంత ఉందో చూసుకోండి. టీసీఎస్ పోయే డబ్బు కాదు. మీ పాన్ నంబర్ మీద జమ అవుతుంది, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వేస్తే మీరు కట్టాల్సిన పన్నులో తగ్గుతుంది, పన్నే లేకపోతే వెనక్కి వస్తుంది. కానీ వచ్చేదాకా కొన్ని నెలలు మీ చేతిలో ఉండదు, బడ్జెట్‌లో దానికి చోటుండాలి. విమానం టికెట్లు, హోటల్ మీరే విడివిడిగా బుక్ చేసుకుంటే అది ప్యాకేజీ కింద రాదు. నన్నడిగితే ఇంగ్లీషు చదివి ఫోన్లో పని చేసుకోగలిగినవాళ్లకు సింగపూర్ సొంతంగా వెళ్లిరావడం కష్టమేమీ కాదు. డబ్బు ఏ రూపంలో కట్టినా బ్యాంకు ద్వారా కట్టి రసీదు తీసుకోండి.

మహబూబ్‌నగర్. దసరా సెలవుల్లో హాంకాంగ్ డిస్నీలాండ్ వెళ్దామని ఇంట్లో పట్టు. వీసా అక్కర్లేదంట కదా, ఖర్చు తగ్గుతుందా?

వీసా అక్కర్లేదు కానీ ప్రీ అరైవల్ రిజిస్ట్రేషన్, అంటే వెళ్లకముందే చేసుకునే నమోదు, తప్పనిసరి. హాంకాంగ్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా చేసుకోవచ్చు, ఆరు నెలలు చెల్లుతుంది, వెళ్లినప్పుడల్లా 14 రోజుల దాకా ఉండొచ్చు. డబ్బు అడిగే సైట్ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు. టికెట్లు కొనకముందే ఇది చేయండి, ఎందుకంటే రిజిస్ట్రేషన్ రాకపోతే మామూలు వీసాకు వెళ్లాలి. పాస్‌పోర్టులు లేకపోతే మీ ఊరి పోస్టాఫీసు పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలోనే పని అవుతుంది, నల్లగొండవాళ్లకూ వాళ్ల ఊళ్లోనే ఉంది. ఫీజు పెద్దలకు 1,500, పిల్లలకు 1,000, మధ్యవర్తికి ఇవ్వాల్సిందేమీ లేదు.

దసరా దగ్గరే చిక్కు. అక్టోబర్ 1 చైనా జాతీయ దినం, ఆ వారమంతా చైనాలో సెలవులు, జనం హాంకాంగ్‌కు పోటెత్తుతారు. 2025లో మన దసరా అక్టోబర్ 2నే వచ్చింది, అటువంటి ఏడాది వెళితే హోటల్ రేటూ ఎక్కువే, క్యూలూ ఎక్కువే. డిస్నీలాండ్ టికెట్ కూడా అన్ని రోజులూ ఒకే రేటు ఉండదు, రద్దీ రోజుకు ఎక్కువ. దసరా ఏ తేదీన పడిందో చూసి, అక్టోబర్ మొదటి వారం తప్పించుకోండి. అది తుపాన్ల కాలం కూడా, కాబట్టి ప్రయాణం ఆగిపోతే డబ్బిచ్చే ఇన్సూరెన్స్ తీసుకోండి. సన్నీ బే స్టేషన్‌లో దిగితే పార్కుకు ప్రత్యేకంగా రైలు ఉంటుంది, దాని కిటికీలు కూడా మిక్కీ మౌస్ తల ఆకారంలో ఉంటాయి, పిల్లలకు సంబరం అక్కడి నుంచే మొదలవుతుంది. ట్యాక్సీ దండగ.

ఇంకోటి, దుకాణంలో కార్డు గీకేటప్పుడు రూపాయల్లో కట్టాలా, హాంకాంగ్ డాలర్లలోనా అని మెషీన్ అడుగుతుంది. రూపాయలు నొక్కితే వాళ్లకు నచ్చిన రేటు వేస్తారు. ఎప్పుడూ అక్కడి డబ్బే నొక్కండి. మన క్రెడిట్ కార్డులు చాలావాటికి విదేశాల్లో 3.5 శాతం దాకా అదనపు చార్జీ, దాని మీద జీఎస్టీ ఉంటాయి, కాబట్టి విదేశీ డబ్బు ముందే నింపుకునే ఫారెక్స్ కార్డు ధరతో పోల్చి చూసుకోండి.

వనపర్తి. మా వాడికి రెండున్నరేళ్లు. మూడేళ్లు నిండకముందే వెళ్తే డిస్నీలాండ్‌లో టికెట్ ఉండదు కదా, ఇప్పుడే వెళ్లడం లాభం కదా?

పార్కులో నిజమే, హాంకాంగ్‌లో మూడేళ్ల లోపు ఉచితం. కానీ విమానంలో రెండు నిండితే సీటు కొనాల్సిందే, లాభమంతా అక్కడే పోయింది. పైగా అక్కడి హైపర్‌స్పేస్ మౌంటెన్ రోలర్ కోస్టర్ ఎక్కాలంటే 102 సెంటీమీటర్లు ఉండాలి, గ్రిజ్లీ మౌంటెన్‌కు 112. బొమ్మల రైడ్లు, ఊరేగింపు చూస్తాడు, మధ్యాహ్నం నిద్రపోతాడు. ఆరేడేళ్లు రానివ్వండి. ఈలోపు రావిర్యాల దగ్గర వండర్‌లాకు ఒకరోజు తీసుకెళ్లండి, ఎత్తుకు భయపడతాడా, ఎంతసేపు నడవగలడు అన్నది తెలుస్తుంది, ఆ తెలిసిన సంగతి రేపు లక్షల ఖర్చులో పనికొస్తుంది.

దేవరకొండ. మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. జూలైలో మేమిద్దరం వెళ్తున్నాం, వీసాలు ఉన్నాయి. ఓర్లాండో డిస్నీ వరల్డ్ చూపిస్తానంటోంది. ఆయనకు అరవై ఎనిమిది, షుగర్ ఉంది. అమ్మాయికి భారం కాకుండా ఎట్లా?

అమ్మాయిని మొహమాటపడకుండా అడగండమ్మా, ఎంతవుతుందని. డిస్నీ వరల్డ్ అంటే ఒక పార్కు కాదు, నాలుగు. ఒక్కో పార్కుకు ఒక్కో రోజు, మనిషికి రోజుకు వంద డాలర్లు దాటుతుంది. మీ ఇద్దరికీ ఒక్క పార్కు చాలు. ఎప్కాట్ అయితే పదకొండు దేశాల ఇళ్లు, వంటలు, ఆటలు చెరువు చుట్టూ ఉంటాయి, భయపెట్టే రైడ్లు ఎక్కకుండానే రోజు గడుస్తుంది. కానీ ఆ చుట్టు తిరగడమే రెండు కిలోమీటర్ల నడక, జూలైలో ఓర్లాండో ఎండ, ఉక్కపోత, మధ్యాహ్నం ఉరుముల వాన. ఆయనకు చక్రాల కుర్చీ అద్దెకు తీసుకోండి, ఆ అద్దె ముందే బడ్జెట్‌లో రాయించండి, అవసరం లేదంటారు, వినొద్దు.

డిస్నీ వరల్డ్‌లోకి ఇంటి తిండి తీసుకెళ్లనిస్తారు, గాజు సీసాలు, మద్యం మాత్రం కుదరవు. అమ్మాయి పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుంటే ఆయనకు వేళకు తిండి అందుతుంది, మంచి మొత్తం మిగులుతుంది. ఇక్కడి నుంచి సకినాలు, పల్లి పట్టీలు తీసుకెళ్లండి, మాంసం పచ్చళ్లు మాత్రం వద్దు, విమానాశ్రయంలో తీసేస్తారు. అక్కడ రాసి ఉన్న ధర మీద పన్ను వేరేగా పడుతుంది, కారు పార్కింగ్‌కూ డబ్బు కట్టాలి. అన్నిటికంటే ముఖ్యం ట్రావెల్ ఇన్సూరెన్స్. పాతనుంచి ఉన్న షుగర్‌కు వర్తిస్తుందా అని అడిగి, అవునని పాలసీలో రాసి ఉంటేనే తీసుకోండి. అమెరికాలో ఒక్క ఆసుపత్రి బిల్లు మీ ప్రయాణం మొత్తాన్ని మించిపోగలదు.

నాగర్‌కర్నూల్‌లో బట్టల దుకాణం నాది. పిల్లలు అడుగుతున్నారు. గోల్డ్ లోన్ తీసుకొని ఈ వేసవిలోనే వెళ్లిరావొచ్చా? ఒక యాప్‌లో నో కాస్ట్ ఈఎంఐ కూడా చూపిస్తోంది.

వద్దు తమ్ముడూ. బంగారం బ్యాంకులో ఉంటే పిల్లల చదువుకో జబ్బుకో అక్కరపడ్డ రోజున చేతికి రాదు. నో కాస్ట్ అన్నదాంట్లోనూ ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ పడుతుంటాయి, ప్రయాణం రద్దయినా ఈఎంఐ ఆగదు. బేరం లేని నెలలో అది ఎంత టెన్షన్ పెడుతుందో మీకు నేను చెప్పాలా? పిల్లలకు నిజం చెప్పండి, వచ్చే ఏడు కాకపోతే ఆ పై ఏడు వెళ్దాం, అప్పటిదాకా కలిసి దాచుకుందాం అని. వాళ్లు అర్థం చేసుకుంటారు, లెక్క చూపిస్తే ఇంకా బాగా అర్థం చేసుకుంటారు. ఈ వేసవికి రామోజీ ఫిలిం సిటీ చూపించండి.

మీ వ్యాపారానికి నెలనెలా ఒకే మొత్తం కట్టే ఆర్డీ పనికిరాదు. వేరే సేవింగ్స్ ఖాతా ఒకటి తెరిచి, దసరా, సంక్రాంతి, పెళ్లిళ్ల నెలల్లో అమ్మకం మీద మిగిలినదాంట్లో ఎక్కువ వేయండి, ఆషాఢంలో ఏమీ వేయకపోయినా ఫర్వాలేదు. ఆ ఖాతా ఏటీఎం కార్డు దుకాణంలో పెట్టుకోవద్దు, ఇంట్లో మీ ఆవిడ దగ్గర ఉంచండి. ఖాతాలో లక్ష దాటిన రోజున పాస్‌పోర్టులకు అప్లై చేయండి.