టెక్ సందేహాలు: 11 ఏళ్ల పనిమంతుడు పరీక్షలో ఎందుకు తప్పాడు?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం మీద ఉన్నాయి: టెలిఫోన్ సిస్టమ్‌లు బిగించేవాళ్ల సర్టిఫికేషన్లు. మొదటి ఉత్తరం చదివాక మనసు కుదురుగా లేదు. అందుకే మొబైల్, లాప్‌టాప్ ప్రశ్నలన్నీ వచ్చే వారానికి పక్కన పెట్టి, ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: ఆఫీసులకు ఈపీఏబీఎక్స్ (లోపలి ఫోన్లను, బయటి లైన్లను కలిపే పెట్టె) బిగించే పనిలో 11 ఏళ్లుగా ఉన్నాను సార్. సర్టిఫైడ్ మనిషి ఉంటేనే డీలర్‌షిప్ నిలుస్తుందని మా ఓనర్ నన్ను కంపెనీ పరీక్షకు పంపారు. రెండుసార్లు తప్పాను. ఫీచర్ల కోసం కొనాల్సిన లైసెన్సుల పేర్లు, ఏ మోడల్‌లో ఎన్ని కార్డులు పడతాయి, ఏ ఆప్షన్ ఏ మెనూలో ఉంది, ఇవే అడిగారు. ఎకో ఎందుకొస్తుంది, లైన్ ఎందుకు కట్ కాదు అని ఒక్క ప్రశ్న లేదు. ఫీజు కూడా నా జీతంలోంచే పోయింది. మూడోసారి రాయాలా, ఈ ఫీల్డ్ వదిలేయాలా?
- మూసాపేట నుంచి ఓ పాఠకుడు

జవాబు: వదలొద్దు. మీకు పని రాదని ఆ పరీక్ష తేల్చలేదు. అసలు మీ పనిని అది పరీక్షించనే లేదు.

కిందటేడు దిల్‌సుఖ్‌నగర్‌లో నాకు తెలిసినవాళ్ల డయాగ్నస్టిక్ సెంటర్‌లో నేను కళ్లారా చూసింది చెబుతాను. మామూలు ల్యాండ్‌లైన్లను, కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచే ఐపీ ఫోన్లకు కలిపే గేట్‌వే అనే పెట్టె పెట్టారు. పొద్దున బాగానే ఉండేది. పదకొండు అయ్యేసరికి లైన్లన్నీ ఎంగేజ్. బయటి నుంచి చేసినవాళ్లు మాట్లాడి పెట్టేసినా, ఇక్కడ పెట్టె మాత్రం ఆ లైన్‌ను వదలడం లేదు. సర్టిఫికెట్ ఉన్న ఇద్దరు ఇంజనీర్లు వేర్వేరు రోజుల్లో వచ్చారు. ఒకరు ఫర్మ్‌వేర్ (పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేశారు, ఇంకొకరు పెట్టె మార్చాలన్నారు. మూడోసారి ఓ పెద్దాయన వచ్చారు. ఆయన దగ్గర ఏ సర్టిఫికెట్టూ లేదు. టెస్ట్ ఫోన్ క్లిప్పులు రెండూ లైన్‌కు తగిలించి, తన సెల్ నుంచి కాల్ చేసి, కట్ చేసి, చెవి దగ్గర పెట్టుకుని కాసేపు కళ్లు మూసుకున్నారు. "టోన్ మనదే సార్, పెట్టె మాత్రం అమెరికా టోన్ కోసం చూస్తోంది" అన్నారు.

మన దగ్గర ఎంగేజ్ టోన్ 400 హెర్ట్జ్‌లో ఒకటే స్వరం. ముప్పావు సెకను మోగుతుంది, ముప్పావు సెకను ఆగుతుంది. అమెరికాలో 480, 620 హెర్ట్జ్ రెండూ కలిసి అర సెకను మోగి, అర సెకను ఆగుతాయి. గేట్‌వేలో దేశం సెట్టింగ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే అమెరికాగా ఉండిపోయింది. అవతలివాళ్లు పెట్టేశాక వచ్చే మన టోన్‌ను అది గుర్తుపట్టలేదు, కాబట్టి లైన్‌ను వదల్లేదు. ఆయన దేశం మార్చి, సేవ్ చేసి, రీస్టార్ట్ చేశారు. పది నిమిషాల పని. ఆ సెంటర్‌లో రిసెప్షన్ అమ్మాయి రోజంతా తిట్లు తింటున్న సమస్య అది.

మీ పరీక్షలో ఇలాంటిది ఒక్కటీ లేకపోవడం నాకు నిజంగా బాధగా ఉంది. కంపెనీ వైపు కారణం ఒకటుంది, దాన్నీ చెప్పాలి. డీలర్ ఒక లైసెన్స్ బదులు ఇంకొకటి ఆర్డర్ చేస్తే డబ్బు, టైమ్ రెండూ పోతాయి. ఆ తప్పులు జరగకుండా ఉండాలంటే లైసెన్సుల గురించి అడగాల్సిందే. కాని అది అమ్మేవాళ్లకు పెట్టాల్సిన పేపర్. నిచ్చెనెక్కి కేబుల్ లాగి, ఎండీఎఫ్ (వైర్లన్నీ వచ్చి చేరే చట్రం) దగ్గర కూర్చుని క్రోన్ పంచింగ్ చేసే, అంటే వైర్లను టూల్‌తో నొక్కి బిగించే మనిషికి అదే పేపర్ ఇచ్చి, తప్పితే "నువ్వు ఇన్‌స్టాలర్‌వి కావు" అనడం అన్యాయం.

పైగా ఆ లైసెన్సుల, మెనూల జ్ఞానం ఎన్నాళ్లు నిలుస్తుంది? ఒకప్పుడు ఈ రంగంలో నార్టెల్ పేరు మార్మోగింది. 2009 జనవరిలో ఆ కంపెనీ దివాలా రక్షణ కోరింది, ఏడాది తిరక్కుండానే దాని ఆఫీసు ఫోన్ల వ్యాపారం అవాయా అనే మరో కంపెనీ చేతికి వెళ్లింది. నార్టెల్ మెనూలు బట్టీ పట్టినవాళ్లు మళ్లీ మొదటికొచ్చారు. నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కో ఇచ్చే సర్టిఫికెట్ల పేరు సీసీఎన్ఏ. అందులో ఫోన్లు, వీడియో పనివాళ్లకంటూ సీసీఎన్ఏ కొలాబరేషన్ అని విడిగా ఉండేది. 2020 ఫిబ్రవరి 24న దానితోపాటు చాలా సీసీఎన్ఏలను తీసేసి ఒకే సీసీఎన్ఏగా మార్చారు. మన ఊళ్లో వీధివీధినా కనిపించిన పానాసోనిక్ కూడా ఈపీఏబీఎక్స్‌ల నుంచి తప్పుకొంది. మెనూలు ఇలా మారిపోతాయి, కాని పీఆర్‌ఐ లైన్ (ఒకే తీగ మీద చాలా కాల్స్ మోసే డిజిటల్ లైన్) సంగతి చూడండి. 2.048 ఎంబీపీఎస్, 32 టైమ్‌స్లాట్లు, అందులో 30 మాటలకు, ఒకటి సిగ్నలింగ్‌కు, ఒకటి రెండు వైపులా టైమింగ్ కలిపే సింక్‌కు. ఏ పెట్టెకు తగిలించినా లెక్క ఇదే. మీరు 11 ఏళ్లలో నేర్చుకున్నది ఇలాంటిది.

అయినా మూడోసారి రాయండి. డీలర్‌షిప్‌కు ఆ కాగితం కావాలి కాబట్టి, మీ ఉద్యోగం దాని మీద ఉంది కాబట్టి. అయితే ఫీజు మీరు కట్టొద్దు. ఓనర్ దగ్గర కూర్చుని నెమ్మదిగానే అడగండి: "సార్, ఈ సర్టిఫికెట్ వల్ల డీలర్‌షిప్ నిలిచేది మన కంపెనీకి. ఫీజు కంపెనీ కడితే బాగుంటుంది. చదువుకోవడానికి వారానికి ఒక పూట సైట్ వర్క్ లేకుండా చూడండి." సీసీఎన్ఏ పరీక్షకే 300 డాలర్లు, పన్నులు అదనం. సైట్ మీద పనిచేసే మనిషి జీతంలోంచి అంత పోతే ఇంట్లో ఏదో ఒక ఖర్చు ఆగుతుంది. ఫీజు కట్టినందుకు ఏడాదిపాటు మానకూడదని ఓనర్ షరతు పెడితే ఒప్పుకోవచ్చు, కాని ఎన్ని నెలలో, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో కాగితం మీద రాయించుకోండి.

చదివేటప్పుడు సైట్ అనుభవాన్ని కాసేపు పక్కన పెట్టండి. మీలాంటివాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. "నేనైతే ఇలా చేస్తాను" అని జవాబు పెడతారు, పేపర్‌కు కావాల్సింది కంపెనీ మాన్యువల్‌లో ఉన్న మాట. పరీక్ష సిలబస్ కాగితం డౌన్‌లోడ్ చేసుకుని, లైసెన్సులు, కార్డుల కెపాసిటీ ఉన్న పట్టికలను చేత్తో రాసుకోండి. ప్రశ్నలో "ఏవి రెండు", "ఏది కాదు" అన్న మాటల దగ్గర ఆగి, మరోసారి చదివాకే జవాబు పెట్టండి.

ప్రశ్న: అమీర్‌పేటలో మైత్రివనం దగ్గర ఒకాయన అసలు పరీక్షలో వచ్చే ప్రశ్నల డంప్ (జవాబులతో సహా బయటికి తెచ్చిన ప్రశ్నల కట్ట) ఇస్తానంటున్నాడు. మూడు రోజుల్లో పాస్ గ్యారంటీ అట. తీసుకోవచ్చా?
- బోరబండ నుంచి ఓ పాఠకుడు

జవాబు: తీసుకోవద్దు. పరీక్ష మొదలయ్యే ముందు స్క్రీన్ మీద ఒక ఒప్పందానికి మీరు సరే అని నొక్కుతారు. దొంగ పేపర్ వాడారని తేలితే సర్టిఫికెట్ రద్దు చేసి, మళ్లీ రాయనివ్వకుండా ఆపే హక్కు కంపెనీకి ఆ ఒప్పందంలోనే ఉంటుంది. ఇంకో మాట. రేపు ఏదో ఆసుపత్రిలో ఎమర్జెన్సీ ఎక్స్‌టెన్షన్ పనిచేయకపోతే, సర్టిఫికెట్ చూసి మిమ్మల్నే పిలుస్తారు. అప్పుడు ఆ డంప్ మీకు ఏ సాయమూ చేయదు. అదే వీధిలో పాఠం చెప్పి, ల్యాబ్ చేయించే ఇన్‌స్టిట్యూట్లూ ఉన్నాయి. చేరే ముందు ఒక క్లాసు కూర్చోనిమ్మని అడగండి, నిజమైన ఫోన్లు చేతికి ఇస్తారో లేదో చూడండి.

ప్రశ్న: ఈసీఈ డిప్లొమా అయింది. టెలిఫోన్ సిస్టమ్స్ వైపు వెళ్లాలని ఉంది. కోర్సు ఫీజులు చూస్తే భయమేస్తోంది. ఇంట్లో నేర్చుకునే దారి ఉందా?
- ఉప్పల్ నుంచి ఓ పాఠకురాలు

జవాబు: ఉందమ్మా, చాలా మంచి దారి ఉంది. 1999లో మార్క్ స్పెన్సర్ అనే కుర్రాడు తన చిన్న కంపెనీకి ఫోన్ సిస్టమ్ కావాల్సి వచ్చి, కొనే స్తోమత లేక, ఆస్టరిస్క్ అనే సాఫ్ట్‌వేర్ తానే రాశాడు. అది ఈరోజుకీ ఉచితం. దాని మీద నడిచే ఫ్రీపీబీఎక్స్‌ను ఇంట్లో మూలన పడ్డ పాత కంప్యూటర్‌లో వేసుకోవచ్చు. మీ ఫోన్‌లో 101, అమ్మ ఫోన్‌లో 102 ఎక్స్‌టెన్షన్ పెట్టండి. జాయిపర్ లాంటి ఉచిత యాప్ చాలు. స్టార్ 43 కొడితే మీ మాట మీకే తిరిగి వినిపిస్తుంది. ఆ మాట వచ్చిందంటే ఆడియో సిస్టమ్ దాకా వెళ్లి, తిరిగి వచ్చిందన్నమాట.

తర్వాత వైర్‌షార్క్ (నెట్‌వర్క్‌లో వెళ్లే డేటాను చూపించే సాఫ్ట్‌వేర్) వేసుకుని ఆ కాల్‌ను పట్టి చూడండి. కాల్ కలపమని అడిగే ఇన్వైట్ మెసేజ్ వెళ్లడం, ఫోన్ మోగుతోందని 180 రింగింగ్ రావడం, ఎత్తారని 200 ఓకే రావడం కళ్ల ముందు కనిపిస్తాయి. ఇన్వైట్ లోపల "సి" అక్షరంతో మొదలయ్యే వరుస ఒకటి ఉంటుంది, ఆడియో ఏ ఐపీ అడ్రస్‌కు పంపాలో అది చెబుతుంది. బయటికి వెళ్లే కాల్‌లో అక్కడ 192.168తో మొదలయ్యే, ఇంటి నెట్‌వర్క్ లోపలే పనిచేసే అడ్రస్ కనిపిస్తే, అవతలివాళ్ల మాట మీకు వినపడకపోవడానికి కారణం చాలాసార్లు అదే. రూటర్‌లో సిప్ ఏఎల్‌జీ (ఈ కాల్ మెసేజ్‌ల్లోని అడ్రస్‌లను రూటరే మార్చే సెట్టింగ్) ఆన్‌లో ఉందేమో కూడా చూడండి, చాలా రూటర్లలో అది మేలు కంటే కీడే చేస్తుంది. ఒకవైపు మాటే వినిపించే ఈ కంప్లయింట్ మీకు సర్వీసంతా వస్తూనే ఉంటుంది.

వైరింగ్ మాత్రం చేత్తో చేయాల్సిందే. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి పాత డెస్క్ ఫోన్, కాస్త కేబుల్ ముక్క, కేబుల్‌కు కనెక్టర్ బిగించే క్రింపింగ్ టూల్ బేరమాడి తెచ్చుకోండి. జతల రంగుల వరుస నోటికి వచ్చేయాలి: నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద. ఇవన్నీ చేతికి వచ్చాక ఏదైనా ఒక కంపెనీ పరీక్ష రాయండి. ఫోన్ సిస్టమ్ సాఫ్ట్‌వేర్ చేసే 3సీఎక్స్ లాంటివాళ్లు ఆన్‌లైన్ పాఠాలు డబ్బు తీసుకోకుండానే ఇస్తున్నారు, అక్కడ మొదలుపెట్టండి.

ప్రశ్న: మా ఆఫీసులో 24 ఎక్స్‌టెన్షన్ల సిస్టమ్ పెట్టాలి. ఒక కొటేషన్‌లో సర్టిఫైడ్ ఇంజనీర్ అని రాసి రేటు ఎక్కువ వేశారు, ఇంకొకాయన అనుభవం ఉందంటున్నారు, కాగితం లేదు. ఎవరిని పిలవాలి?
- సికింద్రాబాద్ నుంచి ఓ వ్యాపారి

జవాబు: ఇద్దరినీ మీ ఆఫీసుకు రమ్మని, కరెంటు పోతే ఫోన్లు ఎంతసేపు పనిచేస్తాయని, ఒకేసారి పది కాల్స్ నడిస్తే మీ ఇంటర్నెట్ ఎంత వాడుతుందని అడగండి. జీ.711 అనే, మాటను డేటాగా మార్చే పద్ధతిలో ఒక కాల్‌కు ఒక్కోవైపు దాదాపు 87 కేబీపీఎస్, అంటే పదికి ఒక ఎంబీపీఎస్‌కు కాస్త తక్కువ. ఆ లెక్క వేసి, యూపీఎస్ ఎక్కడుందో చూపించమని, పాత వైరింగ్ ఎండీఎఫ్ తెరవమని ఎవరు అడిగితే వాళ్లకు పని ఇవ్వండి. ఏఎంసీలో (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందంలో) ఎన్ని గంటల్లో వస్తారో రాయించుకోండి, ప్రోగ్రామింగ్ పాస్‌వర్డ్, బ్యాకప్ ఫైల్ మీ దగ్గర ఒక కాపీ ఉంచుకోండి.