మీ ప్రశ్నలు, మా సమాధానాలు: ఐదున్నరకు మోగే అలారం

ప్రశ్న: మా అబ్బాయి పందొమ్మిదో ఏట రోడ్డు ప్రమాదంలో చనిపోయి పద్నాలుగు నెలలైంది. మాకు వాడొక్కడే సంతానం. మొదట్లో ఇంటి నిండా మనుషులుండేవారు. తరవాత ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు, చివరికి నేనూ మావారూ మిగిలాం. ఆయన మూడో వారంలోనే ఉద్యోగానికి వెళ్లిపోయారు. నా ఎదుట ఒక్కసారి కూడా కంటతడి పెట్టలేదు. నేను వాడి మాట ఎత్తితే చాలు, లేచి వెళ్లి కారుతున్న కుళాయో ఊడిన గడియో బాగుచేస్తూ కూర్చుంటారు. వాడి గదిలో ఒక్క వస్తువునూ నేను కదపలేదు. ఆ తలుపు తెరిచి ఉంటే ఆయన అటువైపే రారు. ఒక సంగతి మాత్రం నాకు అంతుపట్టడం లేదు. పరీక్షల రోజుల్లో వాడు తన ఫోన్‌లో పెట్టుకున్న అలారం ఇప్పటికీ రోజూ ఉదయం ఐదున్నరకు మోగుతుంది. ఆ మోత వింటే నా కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టు ఉంటుంది. ఆపేయమంటే ఆపరు, ఎందుకు ఆపరో చెప్పరు. పిల్లలు పోయిన దంపతుల్లో చాలామంది విడిపోతారని ఎవరో అన్నారు. మేమూ ఆ దారినే పోతున్నామా? ఇద్దరం మళ్లీ ఒక సంసారంగా బతకాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక తల్లి

సమాధానం: అమ్మా, మీరు పెద్దగా గమనించకుండా రాసిన ఒక విషయం దగ్గర మొదలుపెడతాను. ఏ ఫోనూ పద్నాలుగు నెలలపాటు దానంతటది మోగదు. ఎవరో ఒకరు దాన్ని కొద్ది రోజులకొకసారైనా ఛార్జింగ్‌కు పెడుతూ ఉండాలి. ఆ పని మీరు చేయడం లేదు కనుక మీవారే చేస్తున్నారు, బహుశా మీరు పడుకున్నాక చేస్తున్నారు. ఆయన మనసులో ఏముందో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను, అది ఆయన్నే అడగాలి. కానీ ఆయన కొడుకును మరిచిపోయి పనుల్లో పడ్డారన్న అనుమానం మీకు ఏ మూలనైనా ఉంటే, ఆ ఛార్జర్ వైరును ఒకసారి తలచుకోండి.

మీకెవరో చెప్పిన మాట చాలా పాతది, చాలా మొండిది కూడా. బిడ్డ పోతే పదింట తొమ్మిది కాపురాలు కూలిపోతాయన్న లెక్క 1970ల చివరి నుంచి నోటికీ నోటికీ పాకుతూ వస్తోంది, దానికి గట్టి ఆధారం మాత్రం కనబడదు. బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రుల కోసం 1969లో ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో మొదలైన ‘ద కంపాషనేట్ ఫ్రెండ్స్’ అనే సంస్థ ఉంది. దాని అమెరికా విభాగం 1999లోనూ 2006లోనూ సర్వేలు చేయించినప్పుడు, విడాకులు తీసుకున్నవారు మొదటిసారి 12 శాతం, రెండోసారి 16 శాతం తేలారు. అలాంటి సర్వేలకు జవాబు రాయడానికి ముందుకొచ్చేవారు కాస్త నిలదొక్కుకున్నవారే కావచ్చు, అందుచేత ఆ అంకెలను వేదవాక్కుగా పట్టుకోనక్కర్లేదు. అయినా పదింట తొమ్మిదికీ వీటికీ పొంతనే లేదు. ఆ భయాన్ని ముందు మీ ఇంట్లోంచి బయటికి పంపండి. ఎలాగూ విడిపోతామని నమ్మిన మనిషి అవతలివారి ప్రతి మౌనాన్నీ ఆ ఖాతాలోనే జమకట్టుకుంటూ పోతుంది.

మీరిద్దరూ పోగొట్టుకున్నది ఒకే బిడ్డను. అయినా వాడితో మీరు గడిపిన వేళలు వేరు, ఆయన గడిపిన వేళలు వేరు. మీకు సాయంత్రం వాడు వచ్చే వేళకు గేటు చప్పుడు వినబడదు. ఆయనకు ఆదివారం పూట పక్కన నిలబడి స్క్రూడ్రైవర్ అందించే చెయ్యి కనబడదు. ఒకరిని ముంచేసిన పూట రెండోవారు ఊపిరి పీల్చుకుంటూ ఉండవచ్చు, మర్నాడు తారుమారు కావచ్చు. టెర్రీ మార్టిన్, కెన్నెత్ డోకా అనే పరిశోధకులు దుఃఖించే తీరుల్లో రెండింటిని ప్రత్యేకంగా గుర్తించారు. కొందరు ఏడ్చి, చెప్పుకుని, ఆ భావంలోనే ఉండి దుఃఖిస్తారు. కొందరు ఏదో ఒక పని చేస్తూ, ఆలోచిస్తూ దుఃఖిస్తారు. చాలామందిలో రెండూ ఎక్కువ తక్కువలుగా కలిసి ఉంటాయి. ఆడవాళ్లది మొదటి తీరు, మగవాళ్లది రెండో తీరు అని గిరి గీయడానికి వీల్లేదని వారే చెప్పారు, నా దగ్గరికి వచ్చే ఉత్తరాలు కూడా అదే చెబుతున్నాయి. కుళాయి బిగిస్తున్న మీవారిని చూసి ‘ఈయనకు పట్టలేదు’ అని మీరు అనుకుంటున్నట్టే, గదిలో కూర్చున్న మిమ్మల్ని చూసి ‘ఈమె ఇక లేవదు’ అని ఆయన భయపడుతూ ఉండవచ్చు.

నెదర్లాండ్స్‌లో పనిచేసిన మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే పరిశోధకులు 1999లో ప్రతిపాదించిన ఒక వివరణ దంపతులకు చాలా ఉపయోగపడుతుందని నా నమ్మకం. జీవిత భాగస్వామిని కోల్పోయినవారిని దృష్టిలో పెట్టుకుని దాన్ని రూపొందించారు. పోయినవారి మీదికే మనసు పోయే వేళలు కొన్ని, మిగిలిన బతుకును చక్కబెట్టుకునే వేళలు కొన్ని ఉంటాయని, మనిషి ఈ రెంటి మధ్యా అటూ ఇటూ ఊగుతూనే తేరుకుంటాడని దాని సారాంశం. ఎప్పుడూ ఒకే వైపు ఉండిపోతేనే చిక్కు. దంపతుల విషయంలో ఇంకొక చిక్కు చేరుతుంది: ఒకరు పూర్తిగా శోకం వైపు, ఒకరు పూర్తిగా పని వైపు వాటా పంచుకున్నట్టు స్థిరపడిపోతారు. మీ ఇంట్లో జరిగింది ఇదేనని నాకనిపిస్తోంది. ఏడుపు మొత్తం మీ వంతుకు వచ్చింది, కుళాయిలు మొత్తం ఆయన వంతుకు వెళ్లాయి.

ఆ వాటాలను కాస్త కలపాలి. రోజుకు ఇరవై నిమిషాలు, సాయంత్రం భోజనం కాకముందు, వాడి మాటకు కేటాయించండి. పడుకునే ముందు వద్దు. నిద్ర చెడితే మర్నాడు ఇద్దరూ చిరాకుతోనే మొదలవుతారు. ఒకరు మాట్లాడేటప్పుడు రెండోవారు ఓదార్చడం, సరిదిద్దడం, పరిష్కారం చెప్పడం మానేసి వినాలి. ఎదురెదురుగా కూర్చుంటే ఆయనకు ఊపిరాడకపోవచ్చు కనుక పక్కపక్కన నడుస్తూ మాట్లాడుకోండి. తట్టుకోలేని రోజున ‘ఇవాళ నా వల్ల కాదు, రేపు సాయంత్రం మాట్లాడదాం’ అనే హక్కు ఇద్దరికీ ఉండాలి, కానీ ఆ ‘రేపు సాయంత్రం’ తప్పనిసరిగా చెప్పాలి, చెప్పినట్టు రావాలి. ఎప్పుడన్నది చెప్పకుండా లేచి వెళ్లడమే మిమ్మల్ని కుంగదీస్తోంది. అలాగే వారంలో ఒక పని ఆయనతో కలిసి మీరు చేయండి. గడియ బిగించేటప్పుడు మేకులు అందించినా సరే.

గది విషయంలో ఒకరు గెలిచి ఒకరు ఓడే తీర్పు ఏదీ చేసుకోకండి. మొత్తం ఖాళీ చేయాలనీ మొత్తం అలాగే ఉంచాలనీ వాదించుకునే బదులు, ఒక అర దగ్గర మొదలుపెట్టండి. ఇద్దరూ ఉన్నప్పుడే తెరవండి, ఏది ఉంచాలో ఏది ఇవ్వాలో తేలని వస్తువులకు ఒక పెట్టె పెట్టి ఆరు నెలలు పక్కన ఉంచండి. ఇల్లు అమ్మడం, ఉద్యోగం మానడం, ఊరు మారడం వంటి నిర్ణయాలు తప్పనిసరి కాకపోతే ఇప్పట్లో పెట్టుకోకండి.

చిన్నదిగా కనిపించి పెద్ద గాయం చేసే ప్రశ్న ఒకటుంది. కొత్తగా పరిచయమైనవారు ‘మీకెంతమంది పిల్లలు?’ అని అడుగుతారు. ఒకరు ‘ఒక బాబు ఉండేవాడు’ అంటూ ఉండగానే రెండోవారు మాట మారిస్తే, ఇంటికి వచ్చేదాకా ఇద్దరి మధ్యా గాలి గడ్డకడుతుంది. దీనికి సరైన జవాబు ఏదీ లేదు. కానీ మీ ఇద్దరి జవాబు ఒకటి ఉండాలి, బయటికి వెళ్లే ముందే దాన్ని అనుకుని ఉంచుకోండి. వాడి పుట్టినరోజు, ప్రమాదం జరిగిన తేదీ కూడా ఇలాంటివే. ఆ రోజు ఎలా గడపాలో వారం ముందే మాట్లాడుకుంటే, ఆ వారమంతా ఒకరి ముఖం ఒకరు చదువుతూ గడపాల్సిన పని ఉండదు.

ఇక అలారం. ‘ఆపేయండి’ అని మళ్లీ అనకండి. ‘రాత్రి దాన్ని ఛార్జింగ్‌కు పెట్టేటప్పుడు నన్ను కూడా పిలవండి’ అనండి. ఆ తరవాత అది మోగాలా, మీకు వినబడని గదిలో మోగాలా, ఇంకేమైనా చేయాలా అన్నది ఇద్దరూ కలిసి తేల్చుకోగలరు.

ప్రశ్న: మా పాపకు అప్పుడు ఆరేళ్లు. రెండేళ్ల క్రితం జ్వరం వచ్చింది. రాత్రి పదకొండింటికి నా భార్య ఆసుపత్రికి వెళ్దామంటే నేను ‘పొద్దున్న చూద్దాం’ అన్నాను. పొద్దున్నకు పరిస్థితి చేయిదాటింది, పాప మాకు దక్కలేదు. నా భార్య నన్ను ఇంతవరకు ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే నన్ను చంపుతోంది. మేం మామూలుగానే మాట్లాడుకుంటాం, పనులు చేసుకుంటాం, కానీ ఒకే ఇంట్లో ఇద్దరు అతిథుల్లా ఉన్నాం.
— ఒక తండ్రి

సమాధానం: ‘మీ తప్పేమీ లేదు’ అని రాసేయడం నాకు సులువు. మీకు ఆ మాట ఇప్పటికే చాలామంది చెప్పి ఉంటారు, అది మీ చెవి దాటి లోపలికి వెళ్లలేదని మీ ఉత్తరమే చెబుతోంది. ఆ రాత్రి పదకొండింటికి మీకు తెలిసింది ఇంతే: పాపకు జ్వరం ఉంది, అంతకుముందు కూడా చాలాసార్లు జ్వరాలు వచ్చి తగ్గాయి. మర్నాడు తెలిసినదాన్ని తీసుకెళ్లి ఆ రాత్రి మీ చేతిలో పెట్టి, మిమ్మల్ని మీరే బోనులో నిలబెట్టుకుంటున్నారు. ఈ మాట మీరు నమ్మాలంటే నాకన్నా పాపకు చికిత్స చేసిన డాక్టరు చెప్పడం మేలు. సమయం అడిగి, ఇద్దరూ కలిసి వెళ్లండి. ఆ రాత్రే వచ్చి ఉంటే ఏమయ్యేదన్నది సూటిగా అడగండి. వినవలసిన జవాబు చేదుగా ఉండవచ్చని తెలిసే వెళ్లండి. ఒక్కరే వెళ్తే ఆ జవాబు కూడా మీ ఒక్కరి రహస్యమైపోతుంది.

మీ భార్య మౌనాన్ని మీరు నిందగా చదువుతున్నారు. అది మిమ్మల్ని కాపాడడానికి ఆమె పడుతున్న కష్టం కావచ్చు, నిజంగానే కోపం కావచ్చు, ‘నేనే పట్టుబట్టి తీసుకెళ్లాల్సింది’ అని ఆమె తనను తానే తిట్టుకోవడం కూడా కావచ్చు. మూడూ కలిసి ఉన్నా ఆశ్చర్యం లేదు. ‘నా మీద నీకు కోపం ఉందా?’ అని అడిగితే ‘లేదు’ అనే వస్తుంది. ముందు మీది చెప్పండి: ‘ఆ రాత్రి నేనన్న మాట నాకు రోజూ వినబడుతోంది.’ చెప్పి, ఆమె ఏమన్నా వాదించకుండా కూర్చోండి. ఆమె అరిస్తే అది రెండేళ్లుగా రావలసిన మాట వచ్చినట్టే. క్షమాపణ ఆ పూటే తేలాలని పట్టుబట్టకండి. ఈ సంభాషణ ఇద్దరివల్లా కాదనిపిస్తే కౌన్సెలర్ సమక్షంలో పెట్టుకోండి, ఇద్దరినీ కలిపి చూసేవారినే ఎంచుకోండి.

దగ్గరితనం గురించి మీరు రాయలేదు, కానీ ‘అతిథుల్లా’ అన్న మాటలో అది ఉందనుకుంటున్నాను. శోకంలో ఒకరికి స్పర్శ ఊరటగా ఉంటే, రెండోవారికి సుఖపడడమే పోయిన బిడ్డకు ద్రోహంగా తోస్తుంది. అందులో ఎవరిదీ రాతిగుండె కాదు. చెయ్యి పట్టుకోవడం దగ్గరే ఆగవచ్చునని ముందే ఇద్దరికీ తెలిసి ఉంటే, చెయ్యి పట్టుకోవడం తేలికవుతుంది.

ప్రశ్న: మా అన్నయ్య, వదిన బిడ్డను పోగొట్టుకుని ఏడాదిన్నర అయింది. శోకానికి ఐదు దశలుంటాయని విన్నాను. మొన్న ఏదో మాటకు వదిన పకపకా నవ్వి, వెంటనే వెక్కివెక్కి ఏడ్చింది. ఆమె ఏ దశలో ఉన్నట్టు? నేనేం చేయాలి?
— ఒక తమ్ముడు

సమాధానం: ఐదు దశల మాట ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే మానసిక వైద్యురాలు 1969లో చెప్పింది, అదీ మరణానికి చేరువలో ఉన్న రోగులతో మాట్లాడి. మిగిలినవారి శోకానికి దాన్ని తరవాత అన్వయించారు. మీ వదినగారు ఏ మెట్టు మీద ఉన్నారని లెక్కపెట్టకండి. ఆమె నవ్వడం, ఆ నవ్వుకు తానే ఉలిక్కిపడి ఏడవడం రెండూ సహజమే. అయితే కనిపెట్టి ఉండవలసినవి కొన్నున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో 2022 నుంచి దీర్ఘకాలిక శోక రుగ్మత అన్నది ఉంది. మరణం జరిగి కనీసం ఆరు నెలలు దాటినా, వారి సమాజంలో మామూలనుకునే హద్దును మించి, రోజువారీ బతుకు నడవనంత తీవ్రంగా పోయినవారి కోసం తపనే కొనసాగితే ఆ పేరు వర్తిస్తుంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం పెద్దలకు ఏడాది గడువు పెట్టింది. దీనికి చికిత్స ఉంది. వారిద్దరిలో ఎవరైనా చనిపోవాలనిపిస్తోందని అన్నా, మద్యమో నిద్రమాత్రలో పెరుగుతున్నా గడువులు లెక్కపెట్టకుండా వెంటనే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి.

మిగిలిన రోజుల్లో మీ వల్ల అయ్యే సాయం చాలా మామూలుది. బిడ్డ పేరు ఎత్తడానికి జంకకండి. గుర్తుచేస్తే బాధపడతారని అందరూ మానేస్తే, ఆ పేరు పలికేవాళ్లు ఇంట్లో వాళ్లిద్దరే మిగులుతారు. అన్నయ్యను ‘వదిన ఎలా ఉంది?’ అని మాత్రమే అడగకండి, ఆయన ఎలా ఉన్నారో కూడా అడగండి. ‘ఏదైనా కావాలంటే చెప్పండి’ అంటే వాళ్లు ఎప్పటికీ చెప్పరు. ‘శనివారం పదింటికి వస్తాను, ఆ బీమా కాగితాలు మనం కూర్చుని నింపేద్దాం’ అనండి. అని, శనివారం పదింటికి వెళ్లండి.