నీ వ్యాసంలో మూలాల గురించి

అమ్మాయీ,

నీ వికీపీడియా వ్యాసం చదివాను. భాష బాగుంది, విషయమూ బాగానే సేకరించావు. కానీ చివర ‘మూలాలు’ అని శీర్షిక పెట్టి దాని కింద నాలుగు లింకులు వరసగా అతికించావే, అక్కడే నాకు పేచీ. ఏ మాట ఏ లింకులోంచి వచ్చిందో నీకు తెలుసు. చదివేవాడికి? పుట్టిన తేదీ మీద అనుమానం వచ్చినవాడు ఆ నాలుగూ మొదట్నుంచి చివరిదాకా తిరగెయ్యాలా?

మూలం వాక్యాన్ని అంటుకుని ఉండాలి. అలా అంటించే కోడు బ్రహ్మవిద్యేం కాదు. వాక్యం ముగిశాక, ఫుల్‌స్టాప్ పక్కనే ఖాళీ వదలకుండా, కోణపు బ్రాకెట్ల (< >) మధ్య ఇంగ్లీషు అక్షరాల్లో ‘రెఫ్’ (ref) అని ట్యాగు తెరువు. మూలం వివరాలు రాయి. మళ్లీ అదే ట్యాగు, ఈసారి రెఫ్ ముందు ఒక స్లాష్ పెట్టి మూసెయ్యి. అంకె వెయ్యడం, కింద జాబితాలో చేర్చడం వికీయే చూసుకుంటుంది. నువ్వు రెండుచోట్ల చేత్తో ‘[1]’, ‘[2]’ అని టైపు చేశావు. రేపు ఎవరైనా ఒక పేరా పైకి జరిపితే ఆ అంకెలు తప్పు దారి చూపిస్తాయి. ఈ రెఫ్ సదుపాయం 2005 చివర్లో వచ్చింది. అంతకుముందు మూసలతో, అంటే వివరాలు నింపుకునే తయారు చట్రాలతో, వరస చెడకుండా కాచుకుంటూ తంటాలు పడేవాళ్లు. ఇప్పుడు మనకా అవస్థ ఎందుకు?

ఆ స్లాష్ మాత్రం మరిచిపోకు. కొత్తలో నేను ఒకసారి మరిచిపోయి, మునుజూపు (ప్రచురించే ముందు పేజీ ఎలా ఉంటుందో చూపించేది) కూడా చూడకుండా ప్రచురించేశాను. తర్వాతి మూలం మూసుకునేదాకా ఉన్న పేరాలన్నిటినీ నా ఫుట్‌నోటు మింగేసింది. వ్యాసం సగం పోయిందని ఎంత టెన్షన్ పడ్డానో! ఎర్ర అక్షరాల్లో తప్పు సందేశం వస్తే కంగారు పడకుండా చదువు. ఎక్కడ తేడా వచ్చిందో చాలాసార్లు అందులోనే ఉంటుంది.

ఒకే పుస్తకాన్ని ఆరుచోట్ల వాడావు కదా, ఆరుసార్లూ పూర్తి వివరాలు రాయక్కర్లేదు. మొదటిసారి రెఫ్‌కి ఒక పేరు పెట్టు. తర్వాత అదే పేరుతో, చివర స్లాష్ పెట్టి, ఒంటరి ట్యాగు ఇస్తే చాలు. పేరు తెలుగులో ఉంటే కొటేషన్ గుర్తుల మధ్య పెట్టు. ఉత్త అంకెల్ని పేరుగా తీసుకోదు. కోడు కనబడకుండా దిద్దుకునే విజువల్ ఎడిటర్ తనంతట తాను కోలన్ పక్కన సున్నా, ఒకటి అని పేర్లు పెట్టేస్తుంది. ఆ పేరా కాపీ చేసి, అలాంటి పేర్లే ఉన్న ఇంకో వ్యాసంలో పెడితే రెండు వేరే మూలాలకు ఒకే పేరై గొడవ మొదలవుతుంది. గుర్తుపట్టే పేర్లు పెట్టుకో, రచయిత పేరూ సంవత్సరమూ కలిపి పెడితే హాయి.

అయితే ఆ ఆరుచోట్లా నువ్వు చెప్పే సంగతి ఒకే పేజీలో ఉందా? మూడు వందల పేజీల పుస్తకం పేరు చెప్పి వదిలేస్తే వెతుక్కునేవాడి గతేంటి? పేజీ మారితే వేరే రెఫ్ ఇవ్వు. స్కాన్ చేసిన పుస్తకాలతో ఇంకో తిరకాసుంది. పీడీఎఫ్ చూపించే పేజీ అంకె వేరు, పేజీ మీద అచ్చయిన అంకె వేరు. అట్టలు, ముందుమాటలు అన్నీ పీడీఎఫ్ లెక్కలోకి వచ్చేస్తాయి. మనం ఇవ్వాల్సింది అచ్చులో ఉన్న అంకె. నీ వ్యాసంలో మూడుచోట్ల పీడీఎఫ్ అంకె పడింది, నేను తెరిచి చూశాను.

వెబ్ పేజీకి లింకు ఒక్కటే ఇస్తే చాలదు. శీర్షిక, రాసినవాళ్లు, సైటు పేరు, ప్రచురించిన తేదీ, నువ్వు చూసిన తేదీ కూడా మూసలో నింపు. లింకు చచ్చిపోయినా శీర్షికా తేదీ ఉంటే పాత పత్రికలో వెతకొచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేజీ ప్రతి ఒకటి భద్రపరిచి ఆ లింకూ ఇవ్వు. లింకు ఇస్తే వివరాలు నింపే పరికరం ఉంది, వాడుకో. కానీ మన పేర్లలో ఇంటిపేరు ఏదో దానికి తెలియదు, ఒక్కోసారి సైటు పేరునే రచయితను చేసేస్తుంది. నింపాక ఒకసారి కళ్లతో చూడు.

ఇంగ్లీషు వ్యాసం నుంచి అనువదించిన భాగంలో మూలాలు కూడా యథాతథంగా దించావు. అవి తెరిచి చూశావా? చూడకుండా దించితే, చదవని పుస్తకానికి నువ్వు పూచీ పడ్డట్టు. ఇంకో వికీ వ్యాసాన్ని మూలంగా ఇవ్వకు. వికీలోంచే ఎత్తి రాసిన వెబ్ పేజీలూ బోలెడుంటాయి, వాటినీ ఇవ్వకు. మన తప్పు మనకే సాక్ష్యమై తిరిగొస్తుంది.

నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించే పని ఇంకొకటుంది. వాక్యానికీ దాని ఫుట్‌నోటుకీ మధ్యలో కొత్త వాక్యం దూర్చడం. పాత మూలం కొత్త మాటకు కూడా ఆధారమన్నట్టు కనబడుతుంది. నువ్వు రెండో విభాగంలో చేసింది అదే. తెలియక చేశావనుకో, అయినా సరిచెయ్యి.

అలాగని ప్రతి వాక్యానికీ మూడేసి మూలాలు తగిలించకు. తేదీలు, అంకెలు, ఎవరో అన్న మాటలు, బతికున్న మనుషుల గురించిన సంగతులు — ముందు వీటి పని చూడు. మొదటి పేరాలో, నువ్వు ఎవరి గురించి రాశావో ఆయన్ని ‘మొట్టమొదటి’ అన్నావు. దానికి నాకు నీ నాలుగు లింకుల్లోనూ ఆధారం దొరకలేదు. నీకు దొరికితే రెఫ్ ఇవ్వు, లేకపోతే ఆ మాట తీసెయ్యి.

వ్యాసంలో చెయ్యి పెట్టేముందు వికీలో సాధన చేసుకోవడానికి ఉండే నీ ప్రయోగశాల పేజీలో నాలుగైదు రెఫ్‌లు రాసి చూసుకో. ఆదివారం కూర్చుని పేజీ అంకెలు ఇద్దరం కలిసి సరిచేద్దాం. పుస్తకం నా దగ్గరే ఉంది.

మీ బాబాయి