‘విధి’ అన్న మాట కొట్టేశాను

చిరంజీవికి,

కారు రేసుల్లో చనిపోయిన డ్రైవర్ల మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. వాక్యం నడపడం నీకు వచ్చు. కానీ మూడో పేజీలో "విధి విలియమ్‌సన్‌ను మంటల్లోకి పిలిచింది" అని రాశావే, అది చదివాక ఊరుకోలేకపోయాను.

విధి ఎవర్నీ పిలవలేదు. 1973 జులై 29, నెదర్లాండ్స్‌లోని జాండ్‌వూర్ట్ ట్రాక్, ఎనిమిదో ల్యాప్. రోజర్ విలియమ్‌సన్ నడుపుతున్న మార్చ్ కంపెనీ కారు అదుపు తప్పింది. టైరు పోయిందని అనుమానం. రెయిలింగ్‌ను గుద్ది, బోర్లాపడి, అలాగే ఈడ్చుకుపోయి అంటుకుంది. అతనికి 25 ఏళ్లు, అది రెండో ఫార్ములా వన్ రేసు. దెబ్బలకు పోలేదయ్యా. కారు కింద ప్రాణంతోనే ఉన్నాడు, ఊపిరాడక పోయాడు.

ప్రాణంతో ఉండటానికీ, ఊపిరాడక పోవడానికీ మధ్య ఏం జరిగిందో రాయడమే నీ పని. అదే రేసులో ఉన్న డ్రైవర్ డేవిడ్ పర్లీ తన కారు ఆపేసి, రేసు నడుస్తున్న ట్రాక్‌కు అడ్డంపడి పరిగెత్తాడు. ఒక్కడే కారును తిరగెయ్యబోయాడు, లేవలేదు. మంటలార్పే సిలిండర్ ఒకటి అందుకుని ఖాళీ అయ్యేదాకా కొట్టాడు, చాలలేదు. ట్రాక్ పక్కన భద్రత చూసే మార్షల్స్‌ను నువ్వు పిరికివాళ్లన్నావు. ఆ మాట తీసెయ్. వాళ్ల ఒంటిమీద మంటకు ఆగే బట్టలు లేవు. మామూలు చొక్కాతో పెట్రోలు మంటలో చెయ్యి పెట్టమని ఎవరంటారు? మిగతా డ్రైవర్లకు కనబడింది కాలుతున్న కారు, పక్కన నిలబడ్డ పర్లీ. కారు అతనిదే, బయటపడ్డాడులే అనుకుని సాగిపోయారు. రేసు ఆపలేదు. ఫైరింజన్ రావడానికి ఎనిమిది నిమిషాల దాకా పట్టింది.

ముందు ఆ ఎనిమిది నిమిషాల్నీ కాగితం మీద వరసగా వేసుకో. ఒక్కో నిమిషం ఎదురుగా ఎవరెక్కడున్నారు, ఒంటిమీద ఏముంది, చేతిలో ఏముంది, వాళ్లకు ఏం కనబడింది అని రాయి. ఆ రోజు గెలిచిన జాకీ స్టీవర్ట్‌కు అది 26వ విజయం, జిమ్ క్లార్క్ రికార్డు దాటింది అప్పుడే. రెండో స్థానంలో వచ్చిన ఫ్రాన్స్వా సెవేర్ అదే ఏడాది అక్టోబర్ 6న అమెరికాలోని వాట్కిన్స్ గ్లెన్ ట్రాక్‌లో పోయాడు. ఇవి ఉన్నదున్నట్టు పెట్టు, విశేషణాలు వద్దు.

వివరాలెక్కువైతే పాఠకుడు పారిపోతాడని మన ఆదివారం అనుబంధాల ఎడిటర్లు బోల్టులూ బెల్టులూ కోసేసి కన్నీళ్లు మిగులుస్తారు. ఏళ్ల తరబడి ఇదే వరస. నువ్వు ఒప్పుకోకు. యోహెన్ రింట్ సంగతే చూడు. 1970 సెప్టెంబర్ 5, ఇటలీలోని మోంజా ట్రాక్, ప్రాక్టీసులో బ్రేకును చక్రానికి కలిపే షాఫ్ట్ తెగి కారు రెయిలింగ్‌ను గుద్దింది. తొడల మధ్య బిగించాల్సిన పట్టీ అతను పెట్టుకోలేదు. మనిషి కిందికి జారాడు, బెల్టే గొంతు కోసింది. పట్టీ ఎందుకు పెట్టుకోలేదు? నిప్పంటుకుంటే చటుక్కున దూకెయ్యాలని. నువ్వేమో "నిర్లక్ష్యం" అని తేల్చేశావు. ఆ ఏడాది ఛాంపియన్ అతనే, చనిపోయాక. మనిషి భయం ఆ పట్టీలో ఉంది, అక్కడ రెండు పేరాలు ఆగు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు, అది తర్వాత చూద్దాం. క్లార్క్ మీద రాసిన "వేగం మింగేసింది" పేరా మొత్తం తీసెయ్. 1968 ఏప్రిల్ 7, జర్మనీలోని హాకెన్‌హైమ్ ట్రాక్, గాలి దిగిందని అనుమానించిన వెనక టైరు, ట్రాక్ పక్కన చెట్లు. ఆ చెట్ల ముందు రెయిలింగ్ లేదు. అక్కణ్ణుంచి మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు.

ఆశీస్సులతో.