లయన్స్, రోటరీ క్లబ్బుల వల్ల ఊరికి ఒరిగేదేమిటి?

ఒంగోలులో ఈ క్లబ్బులు శాలువాలు కప్పుకోవడం, ఫొటోలు దిగడం తప్ప ఏం చేస్తాయని అడిగారు. శాలువాల సంగతి కాదనను. కానీ కంటి శిబిరం జరిగే రోజు ఒకసారి వెళ్లి చూడండి. పల్లెల నుంచి వచ్చిన వృద్ధులను బెంచీల మీద కూర్చోబెట్టి, టార్చి వేసి కళ్లు పరీక్షిస్తారు. శుక్లం ముదిరిన వారికి బీపీ, షుగరు చూసి ఆసుపత్రికి పంపుతారు. ఆపరేషను చేసేది ఆసుపత్రే. జనాన్ని సమీకరించడం, రానుపోను బస్సు, భోజనం సాధారణంగా క్లబ్బు చూసుకుంటుంది. ఆపరేషను ఉచితమైనా తీసుకెళ్లే మనిషి లేక ఆగిపోయేవారు ఎందరో. నా దృష్టిలో అసలు మేలు అదే. 1925లో చూపు, వినికిడి లేని అమెరికన్ రచయిత్రి హెలెన్ కెల్లర్ కోరినప్పటి నుంచి లయన్లకు చూపు ముఖ్య సేవ. రోటరీది 1985 నుంచి పోలియో మీద పోరు.

డబ్బంటారా, సభ్యుల చందాలు, స్థానిక దాతలు. పెద్ద పనికైతే తమ సంస్థ అంతర్జాతీయ ఫౌండేషన్ గ్రాంటుకు దరఖాస్తు చేస్తారు. కనిగిరి వైపు నీటిలో ఫ్లోరైడు ఎక్కువున్న ఊళ్లకు నీటిశుద్ధి ప్లాంటు అలాంటిదే. దాన్ని పెట్టడం తేలిక; ఫిల్టర్లు ఎవరు మార్చాలో పంచాయతీతో ముందే తేల్చుకోకపోతే ఏడాదికే మూలనపడుతుంది.

మీ ఊరికి ఏదైనా కావాలంటే జూలైలో అడగండి. కొత్త కార్యవర్గం బాధ్యతలు తీసుకునేది అప్పుడే.