నిన్న చేసిన ఫైలు ఎక్కడుంది?

చి. అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. మొన్న నీ పక్కన కూర్చున్నప్పుడు గమనించాను. పొద్దున నువ్వే చేసిన లెక్కల షీటు కోసం పావుగంట వెతికావు. డెస్క్‌టాప్ నిండా ఐకాన్లు, వాటిలో 'ఫైనల్', 'ఫైనల్ 2', 'అసలు ఫైనల్'. నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాను, నేనూ ఆ పని చేసినవాణ్ణే. అప్పటికే నువ్వు టెన్షన్‌లో ఉన్నావు, అందుకే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

మనం ఏ ఫైలు తెరిచినా విండోస్ దాని పేరు, అది ఉన్న చోటు గుర్తు పెట్టుకుంటుంది. ఇది కొత్తేమీ కాదు. విండోస్ 95లోనే స్టార్ట్ మెనూలో డాక్యుమెంట్స్ అని ఉండేది, చివరగా తెరిచిన 15 ఫైళ్లు అందులో కనిపించేవి. అన్ని ప్రోగ్రాములవీ కలగాపులగంగా ఉండేవనుకో. 2009లో విండోస్ 7 వచ్చాక ఏ ప్రోగ్రాము జాబితా దానికి విడిగా టాస్క్‌బార్‌లోకి, అంటే తెర అడుగున ఐకాన్లు ఉండే పట్టీలోకి, వచ్చింది. కింద ఉన్న ఎక్సెల్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చెయ్యి. ఈ మధ్య తెరిచిన షీట్లు వరుసగా కనిపిస్తాయి. ఒక పేరు మీదికి మౌస్ తీసుకెళ్తే పక్కన చిన్న పిన్ను బొమ్మ వస్తుంది. దాన్ని నొక్కితే ఆ ఫైలు జాబితాలో పైన అతుక్కుపోతుంది, కొత్తవి ఎన్ని తెరిచినా కిందికి జారిపోదు.

నీకు కావలసింది ఆ పిన్నే. అయితే కనిపించిన ప్రతిదాన్నీ పిన్ చేస్తే అదీ నీ డెస్క్‌టాప్‌లాగే తయారవుతుంది. వారంలో మూడుసార్లు తెరిచిన ఫైలుకే నేను పిన్ పెడతాను. పని అయిపోయిన రోజునే తీసేస్తాను.

ప్రోగ్రాములకైతే మౌస్ కూడా అక్కర్లేదు. విండోస్ కీ నొక్కిపట్టి 1 నొక్కితే టాస్క్‌బార్‌లో పిన్ చేసిన వాటిలో మొదటిది తెరుచుకుంటుంది, 2 నొక్కితే రెండోది, అలా 9 దాకా. దాంతోపాటు ఆల్ట్ కూడా పట్టుకుని అంకె నొక్కితే ఆ ప్రోగ్రాము ఇటీవలి ఫైళ్ల జాబితా పైకి లేస్తుంది. కాబట్టి ఐకాన్లను రోజూ వాడే క్రమంలో లాగి పెట్టుకో, ఇక వాటిని కదపకు. నెల తిరిగేసరికి వేళ్లే వెళ్లి నొక్కుతాయి. అప్పుడప్పుడూ వాడేవాటికి విండోస్ కీ నొక్కి పేరులో మూడు అక్షరాలు కొడితే చాలు.

విండోస్ కీతో E అక్షరం నొక్కితే ఫైల్ ఎక్స్‌ప్లోరర్ వస్తుంది. మామూలుగా మొదటి పేజీలోనే ఇటీవలి ఫైళ్లు ఉంటాయి. ఇక్కడ మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకో. జాబితాలో పేరు వద్దనుకుని డిలీట్ కొడితే పోయేది పేరు కాదు, అసలు ఫైలే. రైట్ క్లిక్ చేసి 'రిమూవ్' అన్నదాన్ని ఎంచుకుంటేనే పేరు ఒక్కటే పోతుంది. పొరపాటు జరిగితే కంగారు పడకుండా ముందు రీసైకిల్ బిన్ చూడు.

నా నెత్తి మీదికి వచ్చింది ఇంకొకటి. ఒకసారి మెయిల్‌లో వచ్చిన ఫైలును అక్కడికక్కడే తెరిచి, రెండు గంటలు కూర్చుని సరిదిద్ది, సేవ్ కొట్టాను. వారం తర్వాత చూస్తే జాబితాలో పేరు ఉంది, నొక్కితే ఫైలు లేదు. అది సేవ్ అయింది ఒక తాత్కాలిక ఫోల్డర్‌లో, దాన్ని కంప్యూటర్ ఎప్పుడో ఊడ్చేసింది. జాబితాలో ఉండేది చిరునామా మాత్రమే తల్లీ, ఇల్లు కాదు. పెన్‌డ్రైవ్‌లో ఫైలు తెరిచి దాన్ని పీకేసినా, ఫైలును వేరే ఫోల్డర్‌లోకి మార్చినా ఒక్కోసారి ఇదే తంతు. మెయిల్‌లో వచ్చినదాన్ని ముందు నీ ఫోల్డర్‌లో దాచుకో, ఆ తర్వాతే తెరువు. జిప్‌లో, అంటే ఫైళ్లను కుదించి కట్టిన మూటలో, ఉన్నదాన్నీ అంతే, బయటికి తీశాకే ముట్టుకో.

మీటింగులో స్క్రీన్ చూపించేటప్పుడు ఈ జాబితాలు అందరి కంటా పడతాయి. నీ జీతం కాగితమో, ఇంకెక్కడికో పంపిన బయోడేటానో పైనే కనిపిస్తే బాగుండదు. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, అందులో స్టార్ట్‌లోకి వెళ్తే ఇటీవలి ఫైళ్లు చూపించకుండా ఆపుకోవచ్చు. నేనైతే పూర్తిగా ఆపను, ఒకటి రెండు పేర్లు తీసేసి ఊరుకుంటాను.

తమ్ముడిది మ్యాక్ కదా. పైన మూల ఆపిల్ గుర్తు నొక్కితే 'రీసెంట్ ఐటమ్స్' ఉంటుందని చెప్పు. అందులో ప్రోగ్రాములూ ఫైళ్లూ రెండూ దొరుకుతాయి. మిగతాది వాడే కనుక్కుంటాడు, చెబితే వినే రకం కాదుగా.

నువ్వు ముందు ఆ మూడు ఫైనళ్లలో అసలుది ఏదో తేల్చి పిన్ చెయ్యి, మిగతా రెండూ 'పాతవి' అని ఒక ఫోల్డర్ పెట్టి అందులో పడెయ్యి. ఆదివారం ఫోన్ చేస్తాను. విండోస్ కీ పట్టుకుని 2 నొక్కితే ఏం తెరుచుకుంటుందో చూడకుండా చెప్పాలి.

ఇట్లు,
పెదనాన్న